పొగచూరకుండా పొగబెట్టడం: డ్రమ్ము స్మోకర్ లోపల అసలేం జరుగుతుంది?

పాలు పొగచూరాయంటే ఆ పూట కాఫీ సంగతి మర్చిపోవాల్సిందే. కట్టెల పొయ్యి రోజుల్లో పచ్చికట్టె పెడితే పప్పు కూడా పొగచూరేది. మన వంటింటి భాషలో ఆ మాట ఎప్పుడూ ఫిర్యాదే. ఇప్పుడు బెంగళూరులో వైట్‌ఫీల్డ్, హొరమావు, సర్జాపుర వైపు డాబాల మీద పాత ఇనప డ్రమ్ముకు రంధ్రాలు వేయించి, జాలీ బిగించి, పొట్టేలు జబ్బను ఆరేడు గంటలు కావాలని పొగలో ఉంచే తెలుగువాళ్ళు ఉన్నారు. మాంసం ఒకే కొట్టుది, కారం ఒకే ఇంటిది అయినా ఒక డ్రమ్ములోంచి తీసింది ఎముక నుంచి జారిపోతూ కమ్మగా ఉంటుంది. ఇంకో డ్రమ్ములోది నాలుక మొద్దుబారేంత చేదెక్కి, మర్నాటికి కూడా గొంతులో మసి వాసన వదలదు.

ఈ తేడాను మసాలాలో వెతుకుతారు, మాంసంలో వెతుకుతారు. అది చాలాసార్లు డ్రమ్ము అడుగున ఉన్న వేలెడంత గాలి గొట్టంలో ఉంటుంది. ఆన్‌లైన్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం అమెరికావి: అక్కడి కట్టె, అక్కడి కొవ్వు పట్టిన గొడ్డు మాంసం, ఫారెన్‌హీట్ లెక్కలు. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున, సర్కారు తుమ్మ బొగ్గుతో, కొవ్వు అంతంతమాత్రంగా ఉండే మేక, పొట్టేలు మాంసంతో చేసేవాళ్ళకు వాటిలో కొన్ని అక్షరాలా పనికొస్తాయి, కొన్ని పక్కదారి పట్టిస్తాయి.

## కుంపటికీ స్మోకర్‌కీ తేడా ఎక్కడ?

కుంపటి మీద మొక్కజొన్న పొత్తు కాలిస్తే నిప్పుల సెగ నేరుగా తగులుతుంది. గాలి నాలుగు వైపులా ఉంటుంది కాబట్టి విసనకర్ర ఊపితే నిప్పు కణకణలాడుతుంది, వదిలేస్తే నివురు గప్పుతుంది. గ్రిల్ అంటే ఇదే సూత్రం. జాలీ దగ్గర 250 డిగ్రీలు దాటుతుంది, పావుగంటలో పని అయిపోతుంది. స్మోకర్‌లో మాంసం నిప్పుకు అడుగు నుంచి రెండడుగుల ఎత్తున, మూత కింద, 105 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే వేడి గాలిలో గంటల తరబడి ఉంటుంది. అక్కడ వండేది సెగ కాదు, కదిలే గాలి.

అంత తక్కువ వేడి ఎందుకంటే, జబ్బ, మెడ లాంటి బాగా పనిచేసే కండరాల్లో కొలాజెన్ అనే సాగుడు పదార్థం ఎక్కువ. అది 70 డిగ్రీలు దాటాక నెమ్మదిగా కరిగి జిలాటిన్ అవుతుంది. పాయా చారు చల్లారితే గడ్డకట్టేది ఆ జిలాటిన్ వల్లే. చారులో నీళ్ళు ఆ పని చేస్తాయి, కుక్కర్‌లో ఆవిరి ఒత్తిడి ఇంకా త్వరగా చేస్తుంది. స్మోకర్‌లో ఆ పనంతా మాంసంలోని తడే చేయాలి. వేడి పెంచి తొందరపెడితే కొలాజెన్ కరిగేలోపు తడి పోతుంది, తినేటప్పుడు పీచు పీచుగా ఉంటుంది.

చల్లపొగ అనే ఇంకో పద్ధతి ఉంది. 30 డిగ్రీల లోపు పొగలో మాంసాన్నో చేపనో ఉంచి నిల్వ చేయడం. దానికి ముందు ఉప్పు, నైట్రైట్ కొలతలతో ఊరబెట్టాలి. లేకపోతే ప్రమాదకరమైన బాక్టీరియా పెరగడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. ఇక్కడ చెబుతున్న డ్రమ్ము దాని కోసం కాదు.

## డ్రమ్ము పుట్టుపూర్వోత్తరాలు

మామూలుగా వాడేది 200 లీటర్ల డ్రమ్ము. లోపలి వ్యాసం 57 సెంటీమీటర్లకు అటూ ఇటూ, ఎత్తు 85, రేకు మందం ఒక మిల్లీమీటరు పైచిలుకు. పాత ఇనుము కొట్లో రెండు రకాలు కనిపిస్తాయి: పైభాగం మూసేసి చిన్న బిరడాలు ఉండేవి, మూత మొత్తం ఊడివచ్చి ఇనప పట్టీతో బిగించేవి. స్మోకర్‌కు రెండోది సగం తయారై వచ్చినట్టే.

దాంట్లో ఇంతకుముందు ఏముందన్నది ధర కన్నా ముఖ్యం. రంగులు, థిన్నర్, పురుగుమందు, రసాయనాలు ఉన్నవి ఎంత కడిగినా వద్దు. వంటనూనె, పండ్ల గుజ్జు లాంటివి ఉన్నవాటికి కూడా లోపల ఎరుపు లేదా గోధుమరంగు ఎపాక్సీ పూత ఉండొచ్చు. లోపల మంట పెట్టి ఆ పూతను కాల్చేస్తే పోతుందని కొందరు చేస్తారు. పోవడం నిజమే. అయితే ఆ పొగ విషపూరితం, చుట్టూ ఇళ్ళున్న డాబా మీద చేసే పని కాదది. పూత లేని డ్రమ్ము కోసం ఇంకో నాలుగు కొట్లు తిరగడమే మంచిది. మూసిన డ్రమ్మును గ్రైండర్‌తోనో గ్యాస్ కట్టర్‌తోనో కోస్తే లోపల మిగిలిన ఆవిరి అంటుకుని పేలే ప్రమాదం ఉంది. తెలిసిన వెల్డర్లు నీళ్ళు నింపాకే చెయ్యి వేస్తారు.

జీఐ, అంటే జింకు పూత పూసిన ఇనుము విషయంలో గందరగోళం ఎక్కువ. జింకు 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 907 దగ్గర మరుగుతుంది. మాంసం ఉండే జాలీ దగ్గర 120 డిగ్రీలే కాబట్టి జీఐ వాడినా పొగలు రావని ఒక వాదన. ఆ మేరకు అది సరైనదే. కానీ నిమ్మరసం, పెరుగు, చింతపండు తగిలిన మాంసం దాని మీద ఆరు గంటలుంటే ఆ పులుపు జింకును కరిగిస్తుంది. ఇక నిప్పుల బుట్ట సంగతి వేరే చెప్పక్కర్లేదు. గాలి తగిలిన నిప్పుకణిక 800 డిగ్రీలు దాటగలదు. జింకు పొగ పీలిస్తే చలిజ్వరం వచ్చినట్టు ఒళ్ళు వణుకుతుంది. అందుకని బుట్టకు మామూలు నల్ల ఇనుము, జాలీకి 304 రకం స్టెయిన్‌లెస్ కడ్డీలు.

లోపలి అమరిక ఇలా ఉంటే పనిచేస్తుంది. అడుగున బూడిద పళ్ళెం. దాని మీద 8 సెంటీమీటర్ల కాళ్ళున్న బుట్ట, వ్యాసం 35, ఎత్తు 25. అంచు నుంచి 18 సెంటీమీటర్లు కిందికి మాంసం జాలీ. డ్రమ్ము గోడకు, నేల నుంచి 5 సెంటీమీటర్ల ఎత్తులో, సమాన దూరంలో ముప్పావు అంగుళం గొట్టం ముక్కలు నాలుగు. మూడింటికి బిరడాలు, ఒకదానికి బాల్ వాల్వు. ఆ వాల్వులోని టెఫ్లాన్ కాలిపోదా అన్న అనుమానం సహజం. అక్కడ బయటి చల్లగాలి లోపలికి వెళుతుంటుంది కాబట్టి ఆ భాగం పెద్దగా వేడెక్కదు. మూతలో 5 సెంటీమీటర్ల పొగ రంధ్రం, వాన పడకుండా దాని మీద చిన్న టోపీ.

## వేడిని నడిపేది బొగ్గు కాదు, గాలి

బుట్టలో నాలుగు కిలోల బొగ్గు ఉన్నా, రెండు కిలోలున్నా డ్రమ్ము వేడి ఒకటే ఉండగలదు. బొగ్గు ఎంతసేపు వస్తుందో చెబుతుంది, ఎంత వేడి వస్తుందో గాలి చెబుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతా చిక్కుముళ్ళు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

ఒక కిలో కర్బనం పూర్తిగా కాలడానికి పదకొండున్నర కిలోల గాలి కావాలి. చెన్నైలో అది దాదాపు 10 ఘనమీటర్లు. బెంగళూరులో గాలి పదో వంతు పలచన, కాబట్టి 11 ఘనమీటర్లకు దగ్గర. 110, 120 డిగ్రీల దగ్గర నిలకడగా నడిచే డ్రమ్ము గంటకు 300 నుంచి 400 గ్రాముల బొగ్గు తింటుంది. అంటే గంటకు మూడు, నాలుగు వేల లీటర్ల గాలి ఆ చిన్న గొట్టాల గుండా నడవాలి. సముద్రతీర నగరంలో ఉన్నవాళ్ళు ‘వాల్వు పావు వంతు చాలు’ అని రాస్తే, ఇక్కడ కాస్త ఎక్కువ తెరవాల్సి రావడం డ్రమ్ము లోపం కాదు.

ఇప్పుడు బయటికి పోయే దారి. ముప్పావు అంగుళం గొట్టం లోపలి వ్యాసం 21 మిల్లీమీటర్లు, అంటే మూడున్నర చదరపు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. నాలుగూ కలిపితే 14. మూతలోని 5 సెంటీమీటర్ల రంధ్రం దాదాపు 20. లోపలికి వచ్చేదాని కన్నా బయటికి పోయే దారి పెద్దది, అలాగే ఉండాలి. మూతకు ఎనిమిది అరంగుళం రంధ్రాలు వేయిస్తే మొత్తం 10 చదరపు సెంటీమీటర్లే. నాలుగు గొట్టాలూ తెరిచినప్పుడు డ్రమ్ము అక్కడ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ‘పొగ వృథాగా పోతోంది’ అని పై రంధ్రం సగం మూసే అలవాటు చాలామందికి ఉంది. చేదు మాంసానికి ఇంతకన్నా దగ్గర దారి లేదు. పైది ఎప్పుడూ బార్లా తెరిచి ఉంచి, కిందివాటితోనే వేడిని దిద్దుకోవాలి.

నిప్పు రాజేయడంలో కూడా ఇదే లెక్క. బొగ్గంతా ఒకేసారి అంటిస్తే ఆ మంటను తర్వాత ఏ వాల్వూ ఆపలేదు. బుట్ట నిండా చల్లబొగ్గు పోసి, మధ్యలో చిన్న గుంట చేసి, విడిగా రాజేసి నివురు గప్పిన 12, 15 నిప్పు ముక్కలను అందులో పెడితే, నిప్పు పై నుంచి కిందికి, పక్కలకు మెల్లగా పాకుతుంది. అమెరికాలో దీన్ని జిమ్ మినియన్ అనే ఆయన పేరుతో మినియన్ పద్ధతి అంటారు. మొదట నాలుగు గొట్టాలూ తెరిచి ఉంచి, 90 డిగ్రీలు కాగానే రెండు మూసేయాలి. 110 దాకా ఆగితే ఆలస్యమైనట్టే, ఎందుకంటే అప్పటికే రాజుకున్న బొగ్గు డ్రమ్మును 140కి తోసుకెళుతుంది. పైకి ఎక్కించడం పది నిమిషాల పని, కిందికి దించడం గంట పని.

మూత తీసిన ప్రతిసారీ నిప్పుకు పండగే. లోపలి వేడి గాలి పోయి థర్మామీటరు ముల్లు పడిపోతుంది, అది చూసి కంగారుగా గొట్టం ఇంకాస్త తెరుస్తారు. ఈలోగా మూత తెరిచినప్పుడు దొరికిన గాలికి నిప్పు విస్తరించి ఉంటుంది, ఇరవై నిమిషాలకు వేడి హద్దు దాటుతుంది. మూత పెట్టాక పావుగంట దేన్నీ ముట్టుకోకపోవడమే మందు. జూన్ నుంచి ఆగస్టు దాకా బెంగళూరులో పడమటి గాలి గట్టిగా వీస్తుంది. ఆ నెలల్లో తెరిచిన గొట్టం గాలికి ఎదురుగా ఉంటే విసనకర్ర పెట్టి విసిరినట్టే. డ్రమ్మును సగం చుట్టు తిప్పితే సరి.

## తెల్లపొగ, నీలిపొగ

కట్టె వేడెక్కేకొద్దీ మొదట అందులోని నీరు ఆవిరవుతుంది, తర్వాత పీచు విచ్చిపోతుంది, ఇంకా వేడెక్కితే కట్టెకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ విరిగి గ్వాయకాల్, సిరింగాల్ అనే పదార్థాలు వస్తాయి. మనకు నచ్చే పొగ రుచి, వాసన ముఖ్యంగా వీటివి. గాలి తగినంత ఉంటే మిగతా తారు, ఆమ్లాలు నిప్పు దగ్గరే చాలావరకు కాలిపోతాయి. గాలి తక్కువైతే అవి కాలకుండా పైకి లేచి, మాంసం మీద, మూత మీద జిగురుగా పేరుకుంటాయి. దానికే క్రియొసోట్ అని పేరు. పొగచూరడం అని మన పెద్దవాళ్ళు తిట్టుకున్నది దీన్నే.

కంటికి తేడా తెలుస్తుంది. దట్టంగా, పాలలా తెల్లగా దొర్లుకుంటూ వచ్చే పొగలో పెద్ద పెద్ద తుంపరలు ఉంటాయి. శుభ్రంగా కాలినప్పుడు రేణువులు ఎంత చిన్నవంటే అవి నీలి వెలుగును ఎక్కువ చెదరగొడతాయి, పొగ పలచగా, నీలిరంగులో, వెనకాల గోడ కనిపించేలా ఉంటుంది. అనుమానముంటే చల్లటి స్టీలు పళ్ళాన్ని పొగ రంధ్రం మీద ఒక నిమిషం పట్టుకుని చూడండి. పళ్ళెం మీద సన్నటి చెమ్మ పట్టి, వేలితో తుడిస్తే పోయి, ముక్కుకు కాల్చిన కట్టె పేళ్ళ వాసన తగిలితే నిప్పు బాగుంది. పసుపు గోధుమరంగు జిగురు వేలికి అంటుకుని, కడిగినా వాసన వదలకపోతే అదే జిగురు మాంసం మీద కూడా పడుతోంది. ఆ తెల్లపొగ సద్దుమణగడానికి రాజేసిన తర్వాత అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. మాంసం అప్పటిదాకా ఫ్రిజ్‌లోనే ఉండాలి.

పొగ రుచి చల్లగా, తడిగా ఉన్న మాంసానికి బాగా పడుతుంది. పైన పొర గట్టిపడ్డాక తక్కువ. కాబట్టి పిడికెడంత పేళ్ళు మూడు నాలుగు, మొత్తం 300, 400 గ్రాములు, మొదట్లోనే బొగ్గు మధ్య దాస్తే చాలు. కోసినప్పుడు అంచున కనిపించే గులాబీ వలయానికి అందరూ మురిసిపోతారు. అది పొగలోని నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ మాంసంలోని ఎర్రటి మయోగ్లోబిన్‌తో కలవడం వల్ల వచ్చే రంగు. రుచికి దానితో సంబంధం లేదు, అది లేదని బాధపడక్కర్లేదు.

## ఇక్కడ దొరికే బొగ్గు, కట్టె

అమెరికా వంటవాళ్ళు గొప్పగా చెప్పే మెస్కీట్ కట్టె మనకు పరాయిది కాదు. మన సర్కారు తుమ్మ దానికి దగ్గరి చుట్టం, రెండూ ప్రోసోపిస్ జాతివే. తమిళనాట సీమ కరువేలం, కన్నడంలో బళ్ళారి జాలి అంటారు. రామనాథపురం వైపు నుంచి వచ్చే బొగ్గులో చాలా భాగం ఇదే. బొగ్గుగా నిక్షేపంలా ఉంటుంది, కట్టెగా వేస్తే పొగ ఘాటు. గంట దాటే వంటకు కట్టెగా వేయకపోవడమే మంచిది.

బొగ్గు డిపోలో రెండు ముక్కలు ఒకదానితో ఒకటి తట్టి చూస్తే ఖంగుమనాలి. దబ్‌మని మోగితే తడి ఉన్నట్టు, విరిచిన చోట నల్లగా మెరవకుండా గోధుమరంగు చార కనిపిస్తే సగమే కాలిన పచ్చిబొగ్గు. తెల్లపొగ గంటసేపు తగ్గడం లేదంటే కారణం చాలాసార్లు ఇదే. కొబ్బరి చిప్పల బొగ్గు దిమ్మలు రాజుకోవడానికి మొండికేస్తాయి కానీ బూడిద తక్కువ, నిలకడ ఎక్కువ. రెండు వంతులు దిమ్మలు, ఒక వంతు మామూలు బొగ్గు కలిపితే ఎనిమిది గంటల వంట హాయిగా నడుస్తుంది.

పొగకు మామిడి, జామ మెత్తటి రుచినిస్తాయి. కొడగు, చిక్కమగళూరు తోటల్లో తీసేసే కాఫీ మొద్దులు దొరికితే వదులుకోవద్దు. గట్టికట్టె, నెమ్మదిగా కాలుతుంది, పొగ ఘాటుగా ఉండదు. చింత ఫరవాలేదు. వేప చేదు, నీలగిరి నూనె కంపు, పైన్ చెక్క జిగురు. గన్నేరు విషం, దగ్గరికి కూడా రానివ్వకూడదు. ప్లైవుడ్, రంగు వేసిన చెక్క, పాత కిటికీ ఫ్రేములు కూడా అంతే.

## ముల్లు చెప్పేది నిజమేనా?

డయల్ థర్మామీటరును మరుగుతున్న నీళ్ళలో పెట్టి, 100 చూపించలేదని తిరిగి ఇచ్చేసేవాళ్ళున్నారు. బెంగళూరులో నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఇక్కడ 100 చూపించిందంటే అది మూడు డిగ్రీలు ఎక్కువ చెబుతోందని అర్థం. ఒకటి 103 చూపించిందనుకోండి, ఆరు ఎక్కువ. డ్రమ్ము 121 అని చూపిస్తుంటే లోపల 115 అనుకోవచ్చు. ఐసు నీళ్ళలో సున్నాకి కూడా సరిచూస్తే లెక్క ఇంకా గట్టిది. మూతకు బిగించిన డయల్ మూత దగ్గర గాలిని కొలుస్తుంది, జాలీ నడిమికి దానికి 15, 20 డిగ్రీల తేడా మామూలే. మాంసంలో గుచ్చే పుల్ల థర్మామీటరు విడిగా ఒకటి ఉండాలి. స్మోకర్ మీద పెట్టే ఖర్చులో వెనకాడకూడనిది ఇదొక్కటే.

97 డిగ్రీల సంగతికి ఇంకో ప్రభావం ఉంది. అమెరికా సలహాల్లో 203 ఫారెన్‌హీట్, అంటే 95 సెల్సియస్ దాకా మాంసం వెళ్ళాలంటారు. ఇక్కడ అది మరుగు బిందువుకు రెండు డిగ్రీలే ఇవతల. అక్కడికి చేర్చాలని పట్టుబడితే తడి ఆవిరైపోతూ ముల్లు కదలదు. 92 దగ్గర నుంచే పుల్ల గుచ్చి చూడటం మేలు. వెన్నలో దిగినట్టు దిగితే అయిపోయింది.

## రెండు కిలోల పొట్టేలు జబ్బ: ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా

ఎముకతో రెండు కిలోల జబ్బకు ముందు రాత్రి 25 గ్రాముల ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టారనుకుందాం. మిరియాలు, ధనియాలు, కారం పొద్దున. పచ్చి అల్లం వెల్లుల్లి ముద్ద దట్టంగా పూస్తే పైపొర ఆరదు, పొగ సరిగా పట్టదు, చివరికి మాడుతుంది.

ఆరున్నరకు రాజేస్తే ఏడుంపావుకు డ్రమ్ము 110 దగ్గర నిలబడుతుంది, పొగ పలచబడుతుంది. ఏడున్నరకు మాంసం లోపలికి. తొమ్మిదింటికి నడిమి భాగం 40 దాటుతుంది. ఇక్కడ ఒక గీత గుర్తుంచుకోవాలి: 5కీ 60కీ మధ్య బాక్టీరియా చకచకా పెరుగుతుంది, నాలుగు గంటల్లో నడిమి భాగం 60 దాటాలి. కోయని, గుచ్చని ముక్కలో బాక్టీరియా ఎక్కువగా పైనే ఉంటుంది కాబట్టి కొంత వెసులుబాటు ఉంటుంది. ఎముక తీసి చుట్టిన మాంసానికీ, లోపలికి ఉప్పునీళ్ళు ఎక్కించినదానికీ, ఖీమాకీ ఆ వెసులుబాటు లేదు.

పదింటికి డ్రమ్ము వేడి 112 నుంచి 92కి జారిందనుకోండి. బొగ్గు ఉంది, గొట్టం తెరిచే ఉంది. ఇంకో గొట్టం తెరిస్తే పది నిమిషాల్లో వేడి లేచిందంటే గాలి చాలలేదన్నమాటే. లేవలేదంటే బుట్ట అడుగు జాలీలో బూడిద అడ్డుపడింది. డ్రమ్ము పక్కన చెక్కసుత్తితో రెండు దెబ్బలు వేస్తే బూడిద రాలి, వేడి తిరిగి ఎక్కుతుంది. దాంతో కొంత బూడిద మాంసం మీదికి ఎగిరే మాట నిజమే, అందుకే మెల్లగా.

పదకొండింటికి నడిమి భాగం 66. అక్కడి నుంచి గంటన్నర గడిచినా 68, 69 దగ్గరే కూర్చుంటుంది. కొత్తవాళ్ళు నిప్పు పెంచేది ఇక్కడే. నిప్పులో లోపమేమీ లేదు. మాంసం పైకి వచ్చే చెమ్మ ఆవిరవుతూ, కుండలో నీళ్ళు చల్లబడ్డట్టు, వచ్చిన వేడినంతా తీసుకుపోతోంది. చెమ్మ తగ్గాక ముల్లు తనంతట కదులుతుంది. ఇక్కడ రెండు దారులు. అలాగే వదిలేస్తే పైపొర కరకరలాడుతుంది, రెండు గంటలు ఎక్కువ పడుతుంది. లేదా రెండు చెంచాల నెయ్యి వేసి రేకు కాగితంలో చుట్టేస్తే ఆవిరి బయటికి పోదు, రెండింటికల్లా 92 అవుతుంది, పైపొర కాస్త మెత్తబడుతుంది. కొవ్వు దట్టంగా ఉన్న పంది భుజానికి మొదటి దారి బాగుంటుంది. మన పొట్టేలుకు, ఇంకా సన్నటి మేకకు రెండోదే నయం. ఆ మాంసంలో వృథా చేసుకోవడానికి తడి లేదు.

తీసిన వెంటనే కోయకుండా, చుట్టిన కాగితంతోనే హాట్‌ప్యాక్‌లో ముప్పావుగంట పెడితే కండరాలు వదులై రసం లోపల నిలుస్తుంది. మొత్తం మీద మూడో వంతు బరువు పోతుంది. అతిథుల లెక్క వేసుకునేటప్పుడు అది మర్చిపోకూడదు.

కోడి దారి వేరు. దాంట్లో కరిగించాల్సిన కొలాజెన్ తక్కువ. కిలోంపావు కోడిని 140, 150 దగ్గర గంటన్నర, రెండు గంటలు ఉంచి, రొమ్ము నడుమ 74 రాగానే తీయాలి. కొట్లో అడగకపోతే తోలు తీసే ఇస్తారు. తోలుతో కావాలని చెప్పి తీసుకోవాలి, లేకపోతే పొగ నేరుగా కండకు తగిలి పైపొర అట్టలా అవుతుంది.

## తేలని వాదనలు

పేళ్ళు నీళ్ళలో నానబెట్టాలా? గంట నానబెట్టినా నీరు పైపైనే పడుతుంది. ఆ నీరు ఆవిరయ్యేదాకా వచ్చే తెల్లటిది ఆవిరే, రుచి కాదు. పైగా నిప్పు చల్లబడుతుంది. పేళ్ళు మంటగా లేవకుండా ఉండాలన్నదే ఉద్దేశమైతే గాలి తగ్గించడం దానికి సరైన దారి.

నీళ్ళ గిన్నె విషయంలో రెండు పక్షాలకూ బలమైన కారణాలున్నాయి. నిప్పుకీ మాంసానికీ మధ్య రెండు లీటర్ల నీళ్ళ గిన్నె ఉంటే వేడి ఎగుడుదిగుళ్ళు తగ్గుతాయి, పొగ బాగా పడుతుంది, కొవ్వు నిప్పుల మీద పడదు. కానీ బొగ్గు ఎక్కువ తింటుంది, పైపొర మెత్తగా ఉంటుంది. ‘కొవ్వు నిప్పుల మీద చుక్కలు చుక్కలుగా పడి కాలితేనే డ్రమ్ము రుచి’ అనేవాళ్ళు గిన్నెకు బద్ధవిరోధులు. వాళ్ళు చెప్పే రుచి నిజంగానే ఉంది. చుక్కలు ధారైతే మాత్రం అది కమురు వాసనగా మారుతుంది. కొత్తగా గాలిని పట్టుకోవడం నేర్చుకునేవాళ్ళకు గిన్నె ఉండటమే మంచిదని నా అభిప్రాయం.

ఆ కమురుకు ఆరోగ్యంతో కూడా సంబంధం ఉంది. కొవ్వు నిప్పుల మీద కాలినప్పుడు, కట్టె గాలి చాలక మగ్గినప్పుడు బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ కారక పదార్థాలు పుడతాయి. పొగబెట్టిన మాంసంలో అది కిలోకు 2 మైక్రోగ్రాములు దాటకూడదని ఐరోపా సమాఖ్య 2014 నుంచి హద్దు పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో, పొగబెట్టినవి కూడా కలిపి, ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తినేవాళ్ళలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందన్నది అప్పటి అంచనా. మొదటి వర్గం అంటే రుజువు ఎంత గట్టిదో చెప్పేది, ముప్పు ఎంత పెద్దదో చెప్పేది కాదు. పొగాకు కూడా అదే వర్గంలో ఉందని రెండూ సమానమని అనుకోకూడదు. నెలకోసారి తినేవాళ్ళ లెక్క, వారానికి నాలుగుసార్లు తినేవాళ్ళ లెక్క ఒకటి కాదు. నీలిపొగ, నీళ్ళ గిన్నె, తీసేసిన అదనపు కొవ్వు, ఈ మూడూ ఆ పదార్థాలను తగ్గిస్తాయి, పూర్తిగా తీసేయలేవు.

కార్బన్ మోనాక్సైడ్ విషయంలో మాత్రం రెండు పక్షాలు లేవు. అద్దాలు మూసిన బాల్కనీ, వాన పడుతోందని లాగిన గ్యారేజీ షట్టర్ వెనక, మెట్ల గది: ఎక్కడా కాదు. వాసన లేని ఆ వాయువు మనిషిని లేపకుండానే తీసుకుపోతుంది.

## వానాకాలం, తుప్పు, బూజు

కొత్త డ్రమ్ము లోపల వంటనూనె పలచగా రాసి, ఖాళీగా 140 డిగ్రీల దగ్గర మూడు గంటలు నడిపితే ఆ నూనె గట్టిపడి నల్లటి పూత అవుతుంది. దోశపెనం పదును పెట్టినట్టే. తర్వాత ఎప్పుడైనా మూత లోపలి నుంచి నల్లటి పొరలు రాలుతుంటే అది రంగు కాదు, పేరుకున్న మసి, కొవ్వు. చెక్కగరిటెతో గీకేయాలి, సబ్బుతో తోమితే పదును పోతుంది. జాలీకి తీగ బ్రష్షు వద్దు. ఊడిన తీగ మాంసానికి అంటుకుని గొంతులో దిగిన సందర్భాలు ఉన్నాయి. వేడిగా ఉండగా కొబ్బరి పీచు గుత్తిని పట్టకారుతో పట్టుకుని రుద్దితే సరిపోతుంది.

కొవ్వు అంటుకుని మంట లేస్తే మూత తీయకూడదు, నీళ్ళు పోయకూడదు. కింది గొట్టాలు, పై రంధ్రం అన్నీ మూసేయడమే. పై రంధ్రం మూయాల్సింది ఇప్పుడూ, వంట అయ్యాక మిగిలిన బొగ్గును ఆర్పేటప్పుడూ.

డాబా మీద డ్రమ్మును రెండు వరసల ఇటుకల మీద నిలబెట్టాలి. లేకపోతే అడుగు వేడికి వాటర్‌ప్రూఫింగ్ పూత పొంగి, వానలకు కింది గది కప్పు కారడం మొదలవుతుంది. ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకుకీ, సోలార్ హీటర్ గొట్టాల తొడుగుకీ రెండు మీటర్ల దూరం. పొగ పక్కింటి మేడ కిటికీలోకి పోకుండా గాలి వాలు ముందే చూసుకోవాలి.

డ్రమ్మును తినేసేది వాన కన్నా ఎక్కువగా బూడిదే. అది గాలిలో చెమ్మ పీల్చుకుని, అందులోని లవణాలతో సహా రేకుకు అతుక్కుని కూర్చుంటుంది. వంటైన మర్నాడు, ఇరవై నాలుగు గంటలు గడిచాక, ఇనప బకెట్‌లోకి తీసేయాలి. ముందే ప్లాస్టిక్ సంచిలో పోస్తే చెత్తబండిలో రాజుకుంటుంది. జులైలో గట్టిగా మూసి టార్పాలిన్ కప్పిన డ్రమ్ము తెరిస్తే జాలీ మీద తెల్లటి బూజు కనిపించడం మామూలే. లోపలికి గాలి ఆడకపోవడమే కారణం. ఒక గొట్టం తెరిచి ఉంచితే అంతగా రాదు. వచ్చినప్పుడు ఖాళీ డ్రమ్మును గంటసేపు 200 దాటించి, గీకి, మళ్ళీ నూనె పట్టించాలి.

ఏడాదికోసారి, వానలు తగ్గాక, డ్రమ్మును పడుకోబెట్టి అడుగున అంచు చుట్టూ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కి చూడాలి. గట్టిగా తగిలితే ఇంకో ఏడాది నిశ్చింత. మొన లోపలికి దిగితే ఆ రేకు నిప్పు బరువు మోయలేదు, అంతకన్నా ముందు అక్కడి నుంచి దొంగగాలి లోపలికి వస్తుంది. అన్ని గొట్టాలూ మూసినా డ్రమ్ము 130 నుంచి దిగడం లేదంటే మొదట వెతకాల్సిన చోటు ఆ అంచే.